ఇంటర్‌లో సివిక్స్ తీసుకోబోతున్న నెల్లూరు, ప్రకాశం పిల్లలకు బహిరంగ లేఖ

పిల్లలూ,

పదో తరగతి ఫలితాలు వచ్చాక కాలేజీలో అడ్మిషన్ల టేబుల్ దగ్గర కూర్చోవడం నా డ్యూటీ. ఈసారి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మార్కుల మెమో, టీసీ, ఆధార్ జిరాక్సులు. అమ్మాయికి ఐదొందల పైన మార్కులు. ఏ గ్రూపమ్మా అంటే హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) అంది. ఆయన టేబుల్ మీదికి వంగి, గొంతు తగ్గించి, “సార్, మీరన్నా రొంత చెప్పండి. మార్కులు రానోళ్ళు తీసుకునే గ్రూపు గదా అది. ఇన్ని మార్కులు పెట్టుకోని ఆడ చేరితే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ మాటే అంటున్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు. లేచి వెళ్ళబోతూ ఆ అమ్మాయి అడిగింది, “సార్, కాలేజీ తెరిచేలోపు ఏం చదువుకోమంటారు?”

ఇరవై ఏళ్ళకు పైగా రెండు జిల్లాల్లోనూ సివిక్స్ చెబుతున్నాను. “ఏ గైడ్ కొనాలి సార్?” అని అడిగిన పిల్లలు వందల్లో ఉన్నారు. ముందుగా ఏం చదువుకోవాలి అని అడిగిన పిల్లలు చేతివేళ్ళకు సరిపోతారు. వెనక పెద్ద క్యూ ఉంది, రెండు మాటలు చెప్పి పంపించేశాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఆ రెండు మాటలూ గొంతులో అడ్డం పడ్డట్టు అనిపించింది. అందుకే ఆ అమ్మాయికీ, ఆ అమ్మాయిలాగా సీఈసీ (హిస్టరీ బదులు కామర్స్), హెచ్‌ఈసీలో చేరబోతున్న మీ అందరికీ కలిపి ఇది రాస్తున్నాను.

మొదట నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను కూడా హెచ్‌ఈసీనే. మాకు చెప్పిన లెక్చరర్ నోట్సు డిక్టేట్ చేసేవారు. మేం రాసుకునేవాళ్ళం, బట్టీపట్టేవాళ్ళం. పంచాయతీరాజ్ పాఠం నాకు కామాలతో సహా వచ్చు. 73వ రాజ్యాంగ సవరణ 1992లో చేశారు, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, 243ఏ అధికరణ గ్రామసభ గురించి చెబుతుంది, 11వ షెడ్యూల్లో 29 అంశాలు ఉన్నాయి. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు.

ఆ ఏడాదే ఒక సాయంత్రం పంచాయతీ తాలూకు మనిషి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. చంకలో పెద్ద పుస్తకం, దానికి కాఫీపొడి రంగు రెక్సిన్ అట్ట, అంచులు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. నాన్నను పిలిచి, పుస్తకం తెరిచి, కిటికీ గట్టు మీద ఇంకు ప్యాడ్ పెట్టాడు. నాన్న ఎడమచేతి బొటనవేలు అద్ది, ఆయన చూపించిన చోట నొక్కాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఆ పేజీలో పైన ఏమీ రాసి లేదు. గీతలు మాత్రమే ఉన్నాయి. కింద వరసగా మా వీధివాళ్ళ వేలిముద్రలు, వంకర టింకర సంతకాలు. ఆయన పుస్తకం మూసి పక్కింటికి వెళ్ళాడు. నాన్న పంచెకు వేలు తుడుచుకుంటూ “ఏందో మీటింగంట” అన్నాడు.

అది గ్రామసభ తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం అని నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత, లెక్చరర్‌గా చేరాక తెలిసింది. ఆ రోజు మా ఇంటి కిటికీ గట్టు మీద జరిగింది రాజ్యాంగం చెప్పిన గ్రామసభ. జరగని సభకు మా నాన్న హాజరైనట్టు వేలిముద్ర. ఖాళీగా ఉన్న ఆ పై భాగంలో తర్వాత ఏం రాసుకున్నారో మా వీధిలో ఎవరికీ తెలియదు. 243ఏ అధికరణ కామాలతో సహా వచ్చిన కొడుకు పక్కనే ఉండి, “ఇదేం పుస్తకం, పైన ఏం రాస్తారు?” అని ఒక్క మాట అడగలేకపోయాడు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం అదే.

కాబట్టి సెలవుల్లో గైడు కొనకండి. ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనండి, చాలు.

ఆ నోట్‌బుక్‌లో ముందు మాటల సంగతి తేల్చుకోండి. సివిక్స్‌లో పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. సైన్సులో కొత్త విషయానికి కొత్త మాట వస్తుంది, అది నేర్చుకుంటే సరిపోతుంది. మన సబ్జెక్టులో మాటలన్నీ మీకు ముందే తెలుసు. తెలిసిన మాటే ఇక్కడ ఇంకో అర్థంలో వస్తుంది, చిక్కు అక్కడే.

‘జాతి’ తీసుకోండి. మీ ఇంట్లో జాతి అంటే ఒంగోలు జాతి గిత్త, లేదంటే కులం. పాఠంలో జాతి అంటే ఒకే చరిత్ర, ఒకే భావన పంచుకుని మేమంతా ఒకటి అనుకునే జనం. ‘శాసనం’ తీసుకోండి. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 9వ శతాబ్దం నాటిది, రాయి మీద చెక్కింది. శాసనసభ చేసేదీ శాసనమే. ఆ రోజు మాట చెక్కించినవాడు సేనాని, ఇవాళ చెక్కేవాళ్ళను ఓటు వేసి పంపేది మీ అమ్మానాన్నలు. మాట ఒకటే, దాని వెనక ఉన్న అధికారం ఎక్కడి నుంచి వచ్చిందన్నది మారిపోయింది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మొదటి ఏడాది పాఠాల్లో సగం దారి దొరుకుతుంది.

అన్నిటికంటే పెద్ద తికమక ‘రాష్ట్రం’, ‘రాజ్యం’. తెలుగులో రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశ్. కానీ రాష్ట్రపతి మన రాష్ట్రానికి అధిపతి కాదు, దేశానికి. హిందీలో రాష్ట్రమంటే దేశం, రాజ్యమంటే రాష్ట్రం. అందుకే రాజ్యసభ అంటే రాష్ట్రాల సభ. మన పుస్తకంలో మాత్రం రాజ్యం అంటే ఇంకోటి: ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం, ఈ నాలుగూ ఉన్నది. మరి ఆంధ్రప్రదేశ్ రాజ్యమా? ప్రజలున్నారు, భూభాగం ఉంది, ప్రభుత్వం ఉంది. నాలుగోది ఉందా? దీని మీద ఒక పేజీ రాసి చూడండి. రాసేటప్పుడు ఎక్కడ ఆగిపోతారో అక్కడే మీ చదువు మొదలవుతుంది.

సముద్రం ఒడ్డు పాళేల పిల్లలకు ఇంకో మంచి ప్రశ్న ఉంది. మీ ఊళ్ళో కాపులు, అంటే ఊరి పెద్దలు, దురాయి (ఊరంతా పాటించాల్సిన కట్టుబాటు) వేస్తే పడవ కదలదు. ఎవరూ దాటరు. దాటితే ఊరు మాట్లాడదు. ప్రభుత్వం చేసిన చట్టం వెనక పోలీసు, కోర్టు ఉన్నాయి. దురాయి వెనక ఏముంది? అది చట్టమా, ఆచారమా? రెండూ ఢీకొంటే ఏది నిలవాలి? దురాయి వల్ల ఊరికి మేలు జరిగిన రోజులు ఉన్నాయి, ఒక కుటుంబం నలిగిపోయిన రోజులూ ఉన్నాయి. రెండూ మీరు చూసే ఉంటారు. చట్టం, స్వేచ్ఛ, న్యాయం అనే మూడు పాఠాలు మీ పాళెంలో రోజూ నడుస్తున్నాయి. పట్నంలో పుస్తకం చదివి నేర్చుకునే పిల్లవాడికంటే మీరు ముందున్నారు.

రెండో పని, మీ చిరునామా రాసుకోండి. నవ్వకండి, ఇది తేలిక పని కాదు. మీ వార్డు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ, మండలం, అసెంబ్లీ నియోజకవర్గం, లోక్‌సభ నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం. ఒక్కోదాని పక్కన అక్కడ మిమ్మల్ని ఎవరు పాలిస్తున్నారు, ఆ మనిషిని ఎవరు ఎన్నుకున్నారు లేదా ఎవరు నియమించారు అన్నది రాయండి. సర్పంచిని మీ ఇంట్లోవాళ్ళు నేరుగా ఎన్నుకున్నారు. ఎంపీపీని నేరుగా ఎన్నుకోలేదు, ఎంపీటీసీలు ఎన్నుకున్నారు. కలెక్టరును అసలు ఎవరూ ఎన్నుకోలేదు. అయినా మన జిల్లాల్లో పెద్దవాళ్ళు దరఖాస్తు పట్టుకుని ముందు వెళ్ళేది కలెక్టరు దగ్గరికే, సోమవారం గ్రీవెన్సుకు. ఎందుకలా అని మీ తాతను అడగండి. ఆయన చెప్పే జవాబు మీ పుస్తకంలో ఉండదు, రాసి పెట్టుకోండి.

జిల్లాల సరిహద్దు గీతల్లో మన రెండు జిల్లాలకు ఉన్నంత కథ చాలా జిల్లాలకు లేదు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లో కొంత కొంత తీసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కందుకూరు పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఇంట్లో అడగండి. తాత పుట్టినప్పుడు ఆ ఊరు నెల్లూరు జిల్లా, నాన్న పుట్టేనాటికి ప్రకాశం, 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు మళ్ళీ నెల్లూరు అయింది. ఊరు అంగుళం జరగలేదు. అప్పట్లో లోక్‌సభ నియోజకవర్గాన్ని లెక్కగా పెట్టుకుని జిల్లాలు కోశారు. కందుకూరు నెల్లూరు లోక్‌సభలో ఉంది కాబట్టి అటు వెళ్ళింది. గూడూరు తిరుపతి లోక్‌సభలో ఉంది కాబట్టి తిరుపతి జిల్లాకు వెళ్ళింది.

మరి సర్వేపల్లి? కృష్ణపట్నం పోర్టు ఉన్న ముత్తుకూరు మండలం ఆ నియోజకవర్గంలోదే. అది కూడా తిరుపతి లోక్‌సభలోనే ఉంది, అయినా నెల్లూరు జిల్లాలోనే ఉంచారు. ముత్తుకూరు వాళ్ళు అర్జీ నెల్లూరులో ఇస్తారు, ఎంపీ కోసం తిరుపతి స్థానానికి ఓటేస్తారు. అటు చీమకుర్తి వాళ్ళు గ్రానైట్ సంగతి ఒంగోలు కలెక్టరేట్‌లో మాట్లాడతారు, వాళ్ళ ఎంపీ బాపట్ల స్థానం నుంచి వస్తారు. నియమం పెట్టిందీ ప్రభుత్వమే, సడలించిందీ ప్రభుత్వమే. ఎందుకు సడలించారు, ఎవరు అడిగితే సడలించారు అని ఆలోచిస్తే ఒత్తిడి వర్గాలు (ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చి తమ పని చేయించుకునే గుంపులు) అనే పాఠం దానంతట అదే అర్థమవుతుంది.

ఇంకో సంగతి గమనించండి. జిల్లా గీత మార్చాలంటే 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. రాష్ట్రం గీత మార్చాలంటే రాజ్యాంగం 3వ అధికరణ కింద పార్లమెంటే చట్టం చేయాలి. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు, కానీ దానికి కట్టుబడాల్సిన పనిలేదు. 2014 జనవరి 30న మన శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అప్పటికి మీరు చిన్నపిల్లలు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ రోజుల కోపం, బాధ, వాదనలు అన్నీ గుర్తున్నాయి. వినండి. విన్నాక 3వ అధికరణ తెరిచి చదవండి. సమాఖ్య (కేంద్రం, రాష్ట్రాలు అధికారం పంచుకునే ఏర్పాటు) అనే మాటను నేను క్లాసులో వారం రోజులు చెప్పినా రాని అర్థం ఆ అరగంటలో వస్తుంది.

అసలు భాషాప్రయుక్త రాష్ట్రాల కథే మన గడ్డతో ముడిపడింది. పొట్టి శ్రీరాములు గారి పూర్వికులది ఈ ప్రాంతమే. 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబర్ 15 రాత్రి చనిపోయారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. ఆయన పుట్టింది వినోదరాయునిపాలెంలో. 1954 నవంబర్లో మద్య నిషేధం వ్యవహారం మీద శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటు! మంత్రిమండలి శాసనసభకు బాధ్యత వహిస్తుంది అని పుస్తకంలో పొడిగా ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యానికి అర్థం అప్పటి రాజధాని కర్నూలులో ఆ రోజు జరిగింది. మళ్ళీ ఎన్నికలు పెడితే 1955లో ముఖ్యమంత్రి అయినవారు బుచ్చిరెడ్డిపాళెం మనిషి, బెజవాడ గోపాలరెడ్డి. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఏడుగురు సభ్యులుంటే వాళ్ళలో ఒకరైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పుట్టింది నెల్లూరు జిల్లా పుదూరులో. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య కమ్యూనిస్టు ఉద్యమాన్ని నడిపారు. చవటపాళెంలో పుట్టిన వెంకయ్యనాయుడు 2017 నుంచి 2022 దాకా ఉపరాష్ట్రపతిగా ఉన్నారు, ఆ హోదాలో రాజ్యసభకు అధ్యక్షత వహించారు. ఏ పాఠం తెరిచినా మన చుట్టుపక్కల ఊరు ఒకటి తగులుతుంది. మీకు ఈ మాట ఎవరైనా చెప్పారా? నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక దూబగుంట.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో చిన్న ఊరు. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. పగలంతా పొలంలో పనిచేసిన ఆడవాళ్ళు రాత్రి దీపాల దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దారు. దిద్దుతూ దిద్దుతూ మాట్లాడుకున్నారు. మాట్లాడుకుంటే అందరి కథా ఒకటే అని తేలింది: కూలి డబ్బులు సారా అంగట్లోకి పోతున్నాయి. రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నిలబడ్డారు, ఊళ్ళో సారా అంగడి మూయించారు. ఆ మాట పక్క ఊళ్ళకు పాకింది. సారా అంగళ్ళ వేలం పాటలు జరపలేక మళ్ళీ మళ్ళీ వాయిదా వేయాల్సి వచ్చింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధం వచ్చింది, ఆ అక్టోబర్ 1న రాష్ట్రమంతటా వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాన్ని సడలించారు.

ఈ ఉద్యమం ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో చాలా ఏళ్ళు పాఠంగా ఉంది. ఎక్కడో ఢిల్లీలో, కేరళలో పిల్లలు దూబగుంట పేరు చదివి పరీక్ష రాశారు. కలిగిరి నుంచి వచ్చిన నా స్టూడెంటు ఒకడికి ఆ సంగతి తెలియదు. చెబితే, “మా అమ్మమ్మ కూడా ఆ గొడవల్లో తిరిగిందంట సార్” అన్నాడు. వెళ్ళి అడిగి రాసుకురా అన్నాను. మూడు పేజీలు రాసుకొచ్చాడు. అంగడి ముందు కూర్చున్నప్పుడు ఆమె చేతిలో ఏముంది, ఎవరు తిట్టారు, ఇంటికొస్తే మొగుడు ఏమన్నాడు, అన్నీ ఉన్నాయి అందులో. ఆ మూడు పేజీలకంటే మంచి సివిక్స్ ఆన్సరు నేను చూడలేదు.

మీ చుట్టుపక్కల ఆ తరం ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వెళ్ళండి. అడిగాక ఇలా ఆలోచించండి: రాజ్యాంగం 47వ అధికరణ మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలి అంటోంది. అది ఆదేశిక సూత్రం, దాని కోసం కోర్టుకెళ్ళి గెలవలేరు. మరి కోర్టు ఇవ్వలేనిది ఆ ఆడవాళ్ళు ఎలా తెచ్చుకున్నారు? తెచ్చుకున్నది నాలుగేళ్ళలో ఎందుకు జారిపోయింది? నిషేధం పెట్టిన ప్రభుత్వానికి ఖజానాలో పడే చిల్లు సంగతి ఏమిటి? నిషేధం ఉన్నప్పుడు దొంగసారా కాచినవాళ్ళ సంగతి ఏమిటి? ఒక పేజీ నిషేధం ఉండాలని రాయండి, ఇంకో పేజీ వద్దని రాయండి. రెండోది రాసేటప్పుడు మీకు చిరాకు వస్తుంది. వచ్చినా మొదటిది రాసినంత శ్రద్ధగా రాయండి. అవతలివాడి వాదన వాడికంటే బాగా చెప్పగలిగిన రోజు మీకు ఈ సబ్జెక్టు వచ్చినట్టే.

హక్కుల పాఠానికి వచ్చేసరికి కష్టమైన సంగతులు కూడా చదవాలి, దాటేయకూడదు. నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేశారు. నాలుగేళ్ళకు రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత 35 ఏళ్ళకు, 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. గొడవ మొదలైంది తాగేనీళ్ళ చెరువు దగ్గర. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. మధ్యలో దళిత మహాసభ పుట్టింది, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కాగితం మీద హక్కు వచ్చిన రోజుకీ, మనిషి చేతికి హక్కు అందిన రోజుకీ మధ్య ఎంత దూరమో ఈ తేదీల్లో కనిపిస్తుంది. మీ ఊళ్ళో ఆ దూరం ఎంత ఉందో చూడండి. టీకొట్టు దగ్గర, గుడి మెట్ల దగ్గర, శ్మశానానికి వెళ్ళే దారి దగ్గర. చూసింది రాయండి. ఎవరి పేరూ రాయక్కర్లేదు.

రాజ్యాంగం మొత్తం చదవాలా అని అడుగుతారు. ఇప్పుడే వద్దు. తెలుగులో దొరుకుతుంది. పీఠిక చదవండి, 14 నుంచి 32 దాకా అధికరణలు చదవండి, పంచాయతీల గురించిన తొమ్మిదో భాగం చదవండి. పీఠికను మాత్రం బట్టీపట్టండి. బట్టీ వద్దని చెప్పిన నేనే ఈ ఒక్కటీ పట్టమంటున్నాను. ‘సామ్యవాద’, ‘లౌకిక’ అనే మాటలు 1976లో 42వ సవరణతో వచ్చాయని పక్కన రాసుకోండి.

పేపరు సంగతి. మన రాష్ట్రంలో ఏ పేపరు ఎవరివైపో టీకొట్లో కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు. అది తెలుసుకుని పేపరు మానేయడం కాదు, రెండు పేపర్లు చదవడం మన పని. లైబ్రరీలో రెండూ ఉంటాయి. వారానికి ఒక రోజు, ఒకే వార్త రెండింటిలో చూడండి. హెడ్డింగు కొట్టేయండి. జరిగింది ఏమిటో నీలం ఇంకుతో, రాసినవాడి అభిప్రాయం ఏమిటో ఎర్ర ఇంకుతో గీయండి. రెండు పేపర్లలోనూ నీలం గీత పడ్డది వార్త. ఫోన్లో వచ్చే వాట్సాప్ మెసేజీకి కూడా ఇదే పరీక్ష పెట్టండి. నా క్లాసులో పిల్లలు మొదటి వారం ఏది ఏ రంగో అని తగువులాడుకుంటారు. ఆ తగువు నాకు చాలా ఇష్టం.

ఇక చివరి పని, అన్నిటికంటే నాకు ముఖ్యమైనది. మీ పంచాయతీలో గ్రామసభ ఎప్పుడో సచివాలయంలో అడిగి తెలుసుకుని వెళ్ళండి. గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్న అందరూ. మీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి మీరు సభ్యులు కారు. కానీ అమ్మతోనో నాన్నతోనో వెళ్ళి వెనక కూర్చుంటే ఎవరూ లేపరు. ఒకవేళ లేపితే ఎందుకు లేపారో రాసుకోండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఆ రోజు మీ ఊళ్ళో ఏం తీర్మానించారు, అది ఎంతవరకు జరిగింది అని ఇవాళ అడిగినా తప్పులేదు.

అక్కడ చూడాల్సినవి: ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్ళెంతమంది, ఎవరు కుర్చీలో కూర్చున్నారు, ఎవరు నేల మీద. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. మీ సర్పంచి మహిళ అయితే, మాట్లాడింది ఆమేనా, పక్కన కూర్చున్న ఆయనా? ఉపాధి పనుల జాబితా చదివారా? చెరువు తూము రిపేరు సంగతి ఎవరైనా ఎత్తారా? ఎత్తిన మనిషికి జవాబు వచ్చిందా, “చూద్దాంలే” అన్నారా? మెట్ట ప్రాంతం పిల్లలైతే తాగునీళ్ళ సంగతి ఎవరు ఎలా మాట్లాడుతున్నారో వినండి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిన మనుషులకు ఆ సభలో వచ్చే రెండు నిమిషాల విలువ చాలా పెద్దది.

మినిట్స్ పుస్తకం దగ్గరికి వెళ్ళండి. సంతకాల పైన తీర్మానం రాసి ఉందా, ఖాళీగా ఉందా? అది చూడండి. ఖాళీగా ఉంటే అమ్మనో నాన్ననో ముందు రాయించి, తర్వాత సంతకం పెట్టమనండి. గొడవ పడొద్దు, గొంతు పెంచొద్దు. “పైన రాసినాక పెడతాం సార్” అంటే చాలు. ఆ తీర్మానం కాపీ కావాలంటే సమాచార హక్కు చట్టం 2005 కింద పెద్దవాళ్ళు దరఖాస్తు ఇవ్వొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు. దరఖాస్తు రాసిపెట్టేది మీరే అవ్వండి.

అమ్మానాన్నలు ఉద్యోగాల గురించి అడుగుతారు. అడగాలి కూడా. ఇంటర్ అయ్యాక లాసెట్ రాసి ఐదేళ్ళ లా చదవొచ్చు, డిగ్రీ చేసి గ్రూప్స్‌కు కూర్చోవచ్చు, బీఈడీ చేసి టీచరు అవ్వొచ్చు, ధైర్యం ఉంటే సివిల్స్. ఈ పరీక్షలన్నింటిలో మన సబ్జెక్టు ఉంది. ఎంపీసీ చదివిన పిల్లలు కూడా గ్రూప్స్‌కు కూర్చున్నప్పుడు రాజ్యాంగం దగ్గర మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారు. మీరు పదహారేళ్ళకే మొదలుపెడుతున్నారు.

జూన్‌లో కలుద్దాం. మొదటి రోజు హాజరు పిలిచాక నేను పుస్తకం తెరవను. మీ నోట్‌బుక్కులు తెరిపిస్తాను. చిరునామా పేజీ, నిషేధం మీద రెండు పేజీలు, గ్రామసభ పేజీ. అక్షరదోషాలుంటే ఉండనీయండి. పక్కవాడి నోట్సు చూసి రాసింది మాత్రం వద్దు, ఇద్దరి ఊళ్ళూ ఒకటి కావు కాబట్టి నాకు ఇట్టే తెలిసిపోతుంది.

ఆ రోజు హెచ్‌ఈసీ అడిగిన అమ్మాయీ, నువ్వు ముందు బెంచీలో కూర్చో తల్లీ. గ్రామసభకు మీ నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళు. నలుగురూ ఏమనుకుంటారో అని ఆయన దిగులుపడ్డాడు కదా, ఆ నలుగురూ అక్కడే కూర్చుని ఉంటారు. పుస్తకం సంతకాలకు మీ వరుస దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన పెన్ను తీసేలోపు, పైన రాసి ఉన్నది నువ్వే ఆయనకు గట్టిగా చదివి వినిపించు.

మీ,
ఒక సివిక్స్ లెక్చరర్